మంచె కింది గంగాళం

మా అత్తమ్మ పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున చనిపోయింది. పూలమడులకు నీళ్లు పోసిన తర్వాత, ఆ నీళ్లు కిందికి దిగకముందు. ఫోన్ చేసిన చుట్టాలందరూ ఎన్ని గంటలకు అని అడిగారు. నేను గడియారం చూడలేదు కాబట్టి ఈ మాటే చెప్పాను. కొందరు నాకు దుఃఖంలో మతి చెదిరిందనుకుని ఫోన్ మా ఆయనకు ఇమ్మన్నారు. మతి చెదరలేదు. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషిని, ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప నాకు ఇంకో తీరు రాదు. మా ఇంట్లో పొద్దుటి పూటకు అదే గుర్తు. అది ఎట్లా గుర్తయిందో మీకు చెప్పాలని రాస్తున్నాను.

ముందే చెప్తున్నాను, ఆమె దేవత కాదు. పోయినవాళ్లందరినీ దేవతల్ని చేసి రాయడం నాకు నచ్చదు, ఆమెకూ నచ్చదు. దేవరకొండ అవతల గుట్టల నడుమ ఒక చిన్న ఊళ్లో ఆముదాలు, కందులు, జొన్నలు పండించుకుని బతికిన మనిషి. కోపం వస్తే రెండు రోజులు మాట్లాడేది కాదు. నవ్వితే వాడకట్టుకంతా వినబడేది. ఎవరి గురించైనా మంచి మాట చెప్పాల్సి వస్తే "పర్వలేదు, పనికొస్తడు" అనేది. అంతకంటే పెద్ద మెప్పు ఆమె నోట ఎవరూ వినలేదు. నా గురించి కూడా ఒకసారి ఆ మాట అన్నదని మా ఆడబిడ్డ చెప్పింది. నా ముందు మాత్రం అనలేదు.

మా పుట్టిల్లు హాలియా దగ్గర. సాగర్ కాలువ మా ఇంటి వెనక నుంచే పోతుంది. పెళ్లిచూపులకు వచ్చిన రోజు అత్తమ్మ నన్ను చూసింది తక్కువ. చాయ తాగి, పెరట్లోకని వెళ్లి, కాలువ గట్టు మీద కూర్చుంది. ఎంతసేపటికీ లేవకపోతే మా బాపు పిలవడానికి వెళ్లాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

"గీ నీళ్లన్నీ యాడికి పోతయి?" అని అడిగింది.

పొలాలకని మా బాపు చెప్పాడు. పొలాలు పారిన తర్వాత మిగిలినవి ఎక్కడికని మళ్లీ అడిగింది. వాగులో పడతాయని, అక్కడి నుంచి పోయి కృష్ణలో కలుస్తాయని చెప్పాడు.

"ఊకెనేనా? ఎవ్వలు ఆపరా?"

మా దిక్కు నీళ్లంటే వచ్చేవి, పోయేవి. మడికి ఒక పక్క నుంచి పెట్టాలి, ఇంకో పక్క నుంచి తియ్యాలి, లేకపోతే నారు మురిగిపోతుంది. అది మా పిల్లలకు ఎవరూ నేర్పరు, గట్ల మీద ఆడుకుంటూ తెలుసుకుంటారు. వాళ్ల ఊళ్లో అట్లా కాదు. పడిన ప్రతి చుక్కకూ అడ్డం పడాలి. వాన వెలిసీ వెలవకముందే పార తీసుకుని చెలకకు ఉరికే మనుషులు వాళ్లు. ఆ రోజు అత్తమ్మ ఇంటికి పోయి, పిల్ల మంచిదే గాని నీళ్లంటే లెక్కలేని ఇంటి పిల్ల అన్నదట. అయినా పెళ్లి చేసుకుపోయారు.

కొత్తలో నేను బియ్యం కడిగి ఆ నీళ్లు పారబోయబోతే ఆమె ఒక్క మాట అనకుండా గిన్నె నా చేతిలోంచి తీసుకునేది. ఆ నీళ్లు బర్రె కుడితిలోకి పోయేవి. మొహం కడుక్కున్న నీళ్లు కరివేపాకు చెట్టుకు పోయేవి. బట్టలు జాడించిన నీళ్లతో వాకిలి చల్లేది. ఉద్యోగాల వల్ల మేం నల్లగొండలో ఉండేవాళ్లం; సెలవులకు ఆ ఊరికి పోయినప్పుడల్లా నేను చేతులు కడుక్కోవడానికి కూడా ఆమె దిక్కు చూసేదాన్ని. తిట్టేది కాదు. తిడితే బాగుండేది.

మా ఆడబిడ్డను పక్క ఊరికే ఇచ్చారు. తల్లిదీ కూతురిదీ ఒకటే గొంతు. ఫోన్‌లో పలకరిస్తే ఎవరన్నదీ మాట సగానికి వచ్చేదాకా తెలిసేది కాదు. ఒకసారి అత్తమ్మ మీద నాకున్న ఫిర్యాదులన్నీ ఆడబిడ్డ అనుకుని అత్తమ్మకే చెప్పాను. ఆమె అన్నీ విన్నది. చివరికి "అయిపోయినయా? ఇగ పెట్టు, నాకు పనుంది" అన్నది. ఆ తర్వాత మేమిద్దరం ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

మామ పోయిన తర్వాత కూడా ఆమె ఆ ఊళ్లోనే ఉన్నది. తెలంగాణ వచ్చిన తర్వాత ఒక వానకాలం, ఎన్నడూ పడనంత వాన వాళ్ల దిక్కు పడింది. మట్టిమిద్దె గోడ ఒకటి నానిపోయి ఒరిగింది. ఇక అందులో ఉండకూడదని మిద్దె విప్పించారు. బతుకంతా వానకోసం చూసిన మనిషి ఇంటిని వాన పడగొట్టిందని ఊళ్లోవాళ్లు నవ్వారట, ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్విందట. తర్వాత విప్పిన కట్టెంతా డీసీఎం బండిలో వేసుకుని నల్లగొండలో మా ఇంటికి వచ్చింది. దూలాలు, చెక్కలు, దర్వాజాలు, వాటి మీద బోర్లించిన పెండ్లినాటి ఇత్తడి గంగాళం. డ్రైవర్ పక్క సీట్లోంచి దిగుతూ నాతో అన్న మొదటి మాట నాకు బాగా గుర్తు.

"నేను మీ ఇంటికి రాలే పిల్లా. దూలాల ఎంబడి వచ్చిన."

మా ఇల్లు పానగల్ పోయే తొవ్వలో ఉంది. ఇంటి వెనక జాగా అంతా బండ. ఒక్క గడ్డిపరక మొలవదు, పైగా ఏటవాలు. కట్టె అంతా ఆ బండ మీద పేర్చి టార్పాలిన్ కప్పారు. అత్తమ్మ రోజూ పోయి దాని పక్కన కూర్చునేది. ఒకరోజు అక్కడే కాలు జారింది. దవాఖానలో మోకాళ్లు అరిగిపోయాయన్నారు, కింద కూర్చోవద్దని, వంగవద్దని చెప్పారు. వంగవద్దంటే ఆమెకు మట్టి ముట్టుకోవద్దని చెప్పినట్టే. ఆ ఎండాకాలమంతా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది. టీవీ పెడితే ముఖం తిప్పుకునేది. అన్నం తగ్గించింది. ఇక్కడ నాకేం పని, బిడ్డ ఇంటికి పోత, అనడం మొదలుపెట్టింది. మా ఆడబిడ్డ ఇంట్లో ఉన్నవి రెండు అర్రలు, అందులో అప్పటికే ఆరుగురు. పోతే అక్కడ ఇరుక్కుని ఉండాలి, ఉంటే ఇక్కడ ఇట్లా ఎండిపోవాలి. మా ఆయనకు రెండూ కనబడుతూనే ఉన్నాయి, ఏం చెయ్యాలో తోచలేదు.

చివరికి ఆయనే ఒకటి అనుకున్నాడు. ఏదో హోటల్లో చెక్కలతో కట్టిన డెక్ చూసి వచ్చి, ఆ దూలాలతో బండ మీద అట్లాంటిది వేయిద్దామన్నాడు. నడుమెత్తున పెట్టెల్లాంటి మడులు చేయించి దాని మీద పెడితే అమ్మ నిలబడి పని చేసుకోవచ్చన్నాడు. అత్తమ్మ విని, "మంచె అను, డెక్కు డెక్కు అంటవేంది" అన్నది. చేనుకు కావలి కాసే మంచెలు ఎన్నో ఎక్కిన మనిషి. అప్పటి నుంచి అది మంచే అయింది.

పానగల్ నుంచి వడ్రంగం చేసే వడ్లాయనను పిలిపించాం. బండ మీద రాతి కడీలు నిలబెట్టి సిమెంటుతో బిగించారు. వాటి మీద దూలాలు, దూలాల మీద చెక్కలు. చెక్కకూ చెక్కకూ మధ్య వేలు దూరేంత సందు. నడిమి దూలం వేపది. మామ తన చెలకలో పెరిగిన వేపను కొట్టించి, తనే దగ్గరుండి చెక్కించిన దూలం అది. మా ఆయనకూ ఆడబిడ్డకూ ఉయ్యాల కట్టింది దానికే. బరువైన మడులు దాని మీదికే రావాలని వడ్లాయన అన్నాడు, అత్తమ్మ తల ఊపింది.

మడుల పని నాది. పెట్టెల అడుగున చెక్కల సందులకు సరిగ్గా బెజ్జాలు, పెట్టె చెక్కలకు అంటకుండా కింద గిట్టల్లాంటి కట్టెముక్కలు, లోపల నల్లటి పట్టా, దాని మీద కంకర, కంకర మీద గోనెగుడ్డ, ఆ పైన మట్టి. ఉత్త ఎర్రమట్టి తడిస్తే బరువెక్కుతుందని గొర్రె ఎరువు, కొబ్బరి పీచు కలిపించాను. అత్తమ్మ ఆ పీచును వేళ్లతో తీసి చూసి, పరుపు కుడుతున్నవా అని అడిగింది. వడ్లాయన బెజ్జాలు కొడుతుంటే మాత్రం దగ్గరికి వచ్చి నిలబడింది. కొత్త పెట్టెకు బొక్కలెందుకన్నది. ఆయన నా దిక్కు చూశాడు. నీళ్లు నిలిస్తే వేర్లు కుళ్లుతాయని, ఎక్కువైనవి కిందికి పోవాలని నేను చెప్పాను. ఆమె లోపలికి పోయింది. ఊరుకున్నది కదా, ఒప్పుకున్నదని నేను అనుకున్నాను.

బంతి, చామంతి, పట్టుకుచ్చులు పెట్టాం. బతుకమ్మకు ఆడబిడ్డ వచ్చేసరికి ఇంటి పూలు ఉండాలని అత్తమ్మ పట్టు. వాళ్ల ఊళ్లో పూలు పెంచరు. గునుగు, తంగేడు గుట్ట మీద వాటంతట అవే పూస్తే కోసుకొస్తారు. తాగే నీళ్లకే బిందెలెత్తుకుని నడిచిన మనిషి, పువ్వు కోసం నీళ్లు పొయ్యడం ఆమె జన్మలో అదే మొదలు. మొదటి రోజు చెంబు పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత కొంచెం కొంచెంగా, బిడ్డకు తల మీద పోసినట్టు పోసింది. తలలో పూలు పెట్టుకోవడం మామతోనే పోయింది కదా, ఈ ఆరాటం ఎందుకని మా వాడకట్టులో ఒకామె అడిగితే, "తలల పెట్టుకుంటేనే పూలా?" అన్నది. ఆ నెలలో ఆమె అన్నం మళ్లీ సరిగా తినడం మొదలుపెట్టింది. బిడ్డ ఇంటికి పోతానన్న మాట కూడా మానేసింది.

వానకాలం నడుమ బంతి ఆకులు పండుబారాయి. మొగ్గలు విచ్చుకోకుండానే నల్లబడి వంగిపోయాయి. పురుగేమోనని మందు కొట్టించాను. తగ్గలేదు. ఒక ఆదివారం మడి మీద వంగితే ఒక వాసన వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఎరిగిన వాసన, నీళ్లు తియ్యక మురిగిన మడి వాసన. మంచె కిందికి దూరి చూశాను. బెజ్జం బెజ్జానికీ ఒక గుడ్డముక్క. అత్తమ్మ పాత చీరను సన్నగా చింపి, బిగించి చుట్టి, లోపలికి నెట్టి, పైన తడి బంకమట్టి మెత్తి పెట్టింది. దవాఖానలో వంగవద్దని చెప్పించుకున్న మనిషి అక్కడికి ఎట్లా చెయ్యి పెట్టిందో ఇప్పటికీ నాకు తెలియదు.

గుడ్డలన్నీ పీకాను. నల్లటి నీళ్లు నా నెత్తి మీద పడ్డాయి. మరునాటికి మళ్లీ గుడ్డలున్నాయి. మళ్లీ పీకాను. బడికి పోయేముందు నేను పీకడం, వచ్చేసరికి ఆమె పెట్టడం, ఇట్లా నడిచింది. ఇంట్లో కూరల గురించి, చుట్టాల గురించి మామూలుగానే మాట్లాడుకునేవాళ్లం. మా ఆయన మీ ఇద్దరి మధ్య ఏమైందని అడిగితే ఇద్దరమూ ఏం లేదనే చెప్పాం. చివరికి నేనే ఆపుకోలేక అడిగాను. చెట్లు చస్తున్నాయి కదా అత్తమ్మా, ఎందుకిట్లా చేస్తున్నావని.

"మొగులు దిక్కు సూసి సూసి మా మెడలు వంకరపోయినయి," అన్నది. "నువ్వు ఉన్న నీళ్లకు పోయే తొవ్వ జూపిస్తున్నవ్. గా బండ మీద పడి పోతుంటె సూసుకుంట ఎట్ల కూసుందు?"

నా మాటే సరైనది. అయినా ఆ రోజు గుడ్డలు పీకలేదు.

తర్వాత కొన్నాళ్లకు వడ్లాయన మంచెకు పట్టె కొట్టడానికి వచ్చాడు. మడుల పక్కన నడుస్తూ ఆగిపోయాడు. కాలి కింద చెక్క కొంచెం కుంగిందట. కిందికి పోయి ఉలి ముట్టించి చూశాడు. నడిమి దూలం ఒక కొస మెత్తబడి ఉలి లోపలికి దిగింది. బెజ్జాలు మూసుకుని మడుల్లో నిలిచిన నీళ్లు పెట్టె అతుకుల్లోంచి ఊరి ఊరి, వానకాలమంతా దాని మీదే పడుతున్నాయి. పెట్టె కింది సందులో అత్తమ్మ మెత్తిన మట్టి ఆ తడిని ఆరనియ్యలేదు. ఆయన నాకు మెల్లగా చెప్పాడు. ఆమె మంచె మెట్టు దగ్గరే ఉన్నది, విన్నది.

నేను జూస్త, అన్నది. వద్దంటే వినలేదు. మెట్టు మీద కూర్చుని, బండ మీద అట్లాగే జరుగుతూ జరుగుతూ మంచె కిందికి పోయింది. చెయ్యి పైకెత్తి దూలం మీద పెట్టింది. బొటనవేలితో నొక్కితే ఆ వేలి గుర్తు కట్టెలో అట్లాగే నిలిచింది. వడ్లాయన పక్కకు పోయి బీడీ ముట్టించుకున్నాడు. ఆమె ఆ గుర్తు మీదే వేలు ఉంచి అన్నది.

"ఆయన చేసిన దూలం. ఇల్లు కూలిన వానకు గూడ ఇది చెదరలే. నా చేతి నీళ్లకు చీకిపాయె."

ఆమె ఏడవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. మామ పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడ్చిందే గాని ఇట్లా కాదు. నేను కూడా కిందికి దూరి పక్కన కూర్చున్నాను. కొంచెం తేరుకున్నాక తనే ఒక్కొక్క గుడ్డా పీకి బండ మీద వేసింది.

పాడైన కొస కోసేసి, కడీ లోపలికి జరిపితే దూలం పనికొస్తుందని వడ్లాయన చెప్పాడు. అట్లాగే చేశారు. కోసిన ముక్కను నేను దాచిపెడదామనుకున్నాను. ఆమె ఎండబెట్టించి స్నానానికి నీళ్లు కాగబెట్టుకున్నది. మండింది, ఇంకా పానమున్నది దానికి, అన్నది.

గుడ్డలు మళ్లీ పెట్టలేదు. కానీ నీళ్లు పొయ్యడం కూడా మానేసింది. పని నాకు అప్పగించి, నేను పోస్తున్నంతసేపు అటు తిరిగి కూర్చునేది. బండ మీద చుక్కలు పడే చప్పుడుకు ముఖం చిన్నదయ్యేది. బిడ్డ ఇంటికి పోతానన్న మాట మళ్లీ వచ్చింది. మూట కూడా కట్టుకున్నది. ఇక మంచె, మడులు, దూలాలు అన్నీ వృథా అయినట్టే అనుకున్నాం. పోయేరోజు పొద్దున, ఆటో కోసం చూస్తూ, నన్ను ఉన్నట్టుండి అడిగింది.

"మీ కాలువకు గట్లుంటయి గద పిల్లా. గీటికి గూడ గట్లు పెట్టరాదు?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక సిగ్గేసింది. కాలువ పక్కన పుట్టింది నేను, ఆ మాట రావాల్సింది నాకు. ఆటోను పంపించేశాం. రేకుల పనిచేసే ఆయనను పిలిచి మంచె కింద, బెజ్జాల వరసనే, కొంచెం వాలుగా రేకు దోనె కట్టించాం. దాని కొస దగ్గర అత్తమ్మ తన గంగాళం పెట్టింది. మడులు తాగి వదిలిన నీళ్లన్నీ అందులోకి వస్తాయి. మరునాడు అవే మళ్లీ మడులకు పోతాయి. ఎండాకాలం అటు వచ్చే గొర్లకు కొన్ని తొట్టిలో పోసేది. గొర్లాయన సంచితో ఎరువు తెచ్చి గోడ పక్కన పెట్టిపోయేవాడు.

అత్తమ్మ పొద్దున్నే గంగాళం ఖాళీ చేయించి పెట్టి, నీళ్లు పోసి, మంచె మీద కుర్చీలో కూర్చునేది. మట్టి తాగినంత తాగాక మొదటి చుక్క దోనెలోంచి జారి ఇత్తడి మీద పడేది. ఆ చప్పుడు ఇంట్లోకంతా వినబడేది. అప్పుడు "దిగినయి" అనేది. ఆ మాట అన్నాకే చాయ. చుక్క తొందరగా పడితే మట్టి పగిలి పక్కల నుంచి కారిపోతోందని మడి గుల్ల చేసేది. ఆలస్యమైతే బెజ్జంలో వేరు అడ్డం పడిందని సైకిల్ పుల్లతో పొడిపించేది. ఒకసారి మా ఆయన ఆఫీసులో పెద్దసారు పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. చాయ తెమ్మని మా ఆయన నాకు సైగ చేస్తుంటే అత్తమ్మ, జర ఆగు సారూ, ఇంకా దిగలే, అన్నది. దిగేదేమిటో తెలియక ఆ సారు మెట్ల దిక్కు చూస్తూ కూర్చున్నాడు.

ఆ ఏడు బతుకమ్మకు పూలు సరిపోలేదు గాని తర్వాతి ఏడు గంపలు నిండాయి. ఆడబిడ్డ వచ్చి మంచె మీద నిలబడి కోస్తుంటే ఈమె కుర్చీలోంచి ఏ పువ్వు కొయ్యాలో, ఏది ఉంచాలో చెప్పింది. వాడకట్టులో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పంచింది. ఎట్లున్నయి మడులు అని నేను అడిగితే, "పర్వలేదు, పనికొస్తయి" అన్నది. గుడ్డల సంగతి, దూలం సంగతి మాత్రం కూతురికి చెప్పవద్దని నాతో ఒట్టు వేయించుకున్నది. ఆయన దూలమని అది బాధపడుతుందని.

ఈ ఏడాది మొదట్లో మంచం పట్టింది. పెద్ద జబ్బేమీ కాదు, ఒంట్లో సత్తువ అయిపోయింది. మంచె దిక్కు కిటికీ ఉన్న అర్రలో మంచం వేశాం. నేను నీళ్లు పోస్తే లోపలి నుంచి వినేది. చుక్క పడగానే "దిగినయి" అన్న మాట కిటికీలోంచి వచ్చేది. ఒకరోజు బడికి ఆలస్యమవుతోందని, దిగినయ్ అత్తమ్మా, చాయ తాగు, అన్నాను. అబద్ధాలు చెప్పకు, నాకు ఇనొస్తది, అన్నది. ఇద్దరం ఎదురుచూశాం. ఆ రోజు బడికి ఆలస్యంగానే పోయాను. ఆ కాసేపు ఆమెతో ఊరికే కూర్చోవడం నాకు బాగుండేదని ఇప్పుడు తెలుస్తోంది. ఆ కాలంలో మేం మాట్లాడుకున్నది తక్కువ. అయినా నా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెకు అంత దగ్గరగా నేను ఎప్పుడూ లేను.

ఆ సోమవారం కూడా నీళ్లు పోసి లోపలికి వచ్చాను. కళ్లు తెరిచే ఉన్నది. "దిగినయా?" అని అడిగింది. ఇంకా లేదన్నాను. తాగనీ, అన్నది. జావ కాచి తెద్దామని వంటింట్లోకి పోయాను. గిన్నె దించుతుంటే చుక్క పడింది. ఆ మాట కోసం ఆగాను. రెండో చుక్క పడింది. రాలేదు. గిన్నె పొయ్యి పక్కన పెట్టి, నిలబడి, ఇంకొన్ని చుక్కలు విన్నాను. అర్రలోకి పోయి చూడకముందే నాకు తెలిసింది. ఆ మాట నేను అనొచ్చు, కానీ అనలేదు. అది ఆమె అనేది.

తర్వాత ఇల్లంతా మనుషులు. మడులకు ఎవరో ఒకరు నీళ్లు పోస్తూనే ఉన్నారు, గంగాళం ఖాళీ చెయ్యాలని ఎవరికీ తట్టలేదు. నేను అటు పోలేదు. నిండిన గంగాళంలో చుక్క పడితే చప్పుడు రాదు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరు ఎప్పుడు చాయ తాగారో నాకు గుర్తులేదు.

పదకొండో రోజు కర్మ అయ్యింది. చుట్టాలు వెళ్లిపోయారు, ఆడబిడ్డ ఉండిపోయింది. మరునాడు పొద్దున నేను మంచె మీదికి పోతే మడి మీద నీళ్లు నిలిచి మెరుస్తున్నాయి. కిందికి దూరి చూశాను. బెజ్జాల్లో గుడ్డముక్కలు. ఎర్ర అంచు చీరవి, బిగించి చుట్టి, పైన తడిమట్టి మెత్తినవి. ఆ చుట్టడం చూసి అక్కడే బండ మీద కూర్చుండిపోయాను. ఆ తర్వాత ఆడబిడ్డను పిలిచాను.

"గంగాళం నిండి బండ మీదికి ఊకెనే పోతున్నయి వదినా," అన్నది. "సూసుకుంట ఉండబుద్ధి కాలే."

ఆమెను కిందికి రమ్మన్నాను. చెయ్యి పట్టుకుని నడిమి దూలం కోసిన కొస మీద పెట్టాను. ఒట్టు పోయిన మనిషితోనే పోయిందనుకుని అంతా చెప్పాను. అమ్మ పెట్టిన గుడ్డలు, నేను పీకినవి, వాళ్ల బాపు దూలం మీద పడిన బొటనవేలి గుర్తు, అమ్మ ఇక్కడే కూర్చుని ఏడ్చిన సంగతి. ఆడబిడ్డ దూలాన్ని తడుముతూ విన్నది. అమ్మ ఒక్కనాడు గూడ చెప్పలే, అన్నది. తర్వాత తను పెట్టిన గుడ్డలు తనే పీకింది. నిలిచిన నీళ్లన్నీ దిగి, మడులు చుక్క రాల్చడం ఆపేదాకా అక్కడే ఉన్నాం.

ఇద్దరం కలిసి గంగాళాన్ని వంచి ఖాళీ చేశాం. గొర్ల తొట్టి నిండింది, మిగిలినవి బిందెల్లో పట్టాం. లోపల తుడిచి దోనె కింద మళ్లీ పెట్టాం. ఆ పక్క మడి ఒకటి ఎండి ఉంటే దానికి ఆడబిడ్డ నీళ్లు పోసింది, కొంచెం కొంచెంగా. మంచె మీద అత్తమ్మ కుర్చీ ఉంది. అందులో ఎవరం కూర్చోలేదు. మెట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. చాయ పెట్టనా వదినా అని లేవబోయింది. ఆగు, అన్నాను. ఎందుకని అడగకుండా నా వెనక మళ్లీ కూర్చుంది.

చెట్ల మీదికి ఎండ వచ్చింది. గొర్లాయన అదిలింపు ఎక్కడో దూరంగా వినబడింది. మట్టి తాగుతూనే ఉంది. నేను గంగాళం దిక్కే చూస్తున్నాను. మొదటి చుక్క ఇత్తడి మీద పడి మోగింది.

"దిగినయి," అన్నది వెనక నుంచి ఆ గొంతు.

నేను తల తిప్పి చూడలేదు.